ఇంటికి తీసుకెళ్లమన్నారు

గుట్టల బీటు

తొంభైల చివర్లో మాదాపూర్ బీటు, అంటే ఆ చుట్టుపక్కల వార్తలు సేకరించే పని, నాకు అప్పగించినప్పుడు మా డెస్కులో ఇద్దరు ముగ్గురు జాలిపడ్డారు. అప్పటికి అక్కడ వార్త అంటే బండలు పేల్చే చోట రాయి ఎగిరొచ్చి ఎవరింటి రేకులో పగలగొట్టిందనో, బోరు ఎండిపోయి ఆడవాళ్లు బిందెలతో రోడ్డెక్కారనో ఉండేది. ఏడాది తిరిగేసరికి అదే బీటు కోసం మా బ్యూరోలో పోటీ మొదలైంది. గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని చుట్టూ రోడ్లు పడ్డాయి. ఆ రోడ్ల మీద మంత్రులు, విదేశీ అతిథులు, వాళ్ల వెనకాల మా ప్రెస్ బస్సు. బస్సులో బిస్కెట్లు, దిగగానే పువ్వులు, మధ్యాహ్నం భోజనం, చేతిలో నిగనిగలాడే ఫోల్డరు. ఫోల్డరులో ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి దించితే మొదటి పేజీ వార్త. నేనూ దించాను. ఉద్యోగంలో అదొక భాగం, దాని గురించి ఇప్పుడు గుండెలు బాదుకోను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు చెప్పదలచుకున్నది వేరే. పత్రికలు అబద్ధాలు రాస్తాయని బయటివాళ్లు అంటుంటారు. నేను పనిచేసినన్నాళ్లూ అచ్చమైన అబద్ధం అచ్చవడం చాలా తక్కువ చూశాను. నిజంలో చదవడానికి హాయిగా ఉండే సగాన్ని వేయడం మాత్రం రోజూ చూశాను. ఆ సగం చదివి పాఠకుడు కళ్లు తుడుచుకుంటాడు. రెండో సగంలో ఉన్న మనిషి ఏమయ్యాడని అడగడు. అడగనివ్వకుండా రాయడమే మంచి కాపీ, అంటే మంచి రాతప్రతి, అని మాకు నేర్పారు.

ఓబులేశు, సుభద్ర అనే భార్యాభర్తల విషయంలో ఇదంతా నా కళ్లముందు జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిదానంగా రాయాలని మొదలుపెట్టాను గానీ, మధ్యలో గొంతు పెరిగితే పెరగనీ.

లిఫ్టు బాగుచేసే మనిషి

ఒక ప్రెస్ టూరులో, ఆ అద్దాల భవనంలోనే, మేమెక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. భవిష్యత్తు గురించి అప్పటిదాకా గడగడా చెబుతున్న అధికారి నోరు మూతపడింది. మాతో ఉన్న ఒక పెద్ద విలేకరి దేవుళ్లందరినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు. కాసేపటికి పైనుంచి తలుపు సందు తెరుచుకుని ఒక సన్నటి ముఖం కిందికి తొంగిచూసింది. "ఏం కాదు సార్, తాడు గట్టిదే. కరెంటే అలిగింది" అన్నాడు ఆ మనిషి. ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి పైకి లాగాడు.

అతనే ఓబులేశు. కడప జిల్లా నుంచి వచ్చి లిఫ్టుల కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. అందరూ భోజనాలకు వెళ్తుంటే నా దగ్గరికి వచ్చి తెలుగు పేపరేనా అని అడిగాడు. అవునన్నాను.

"మీ పేపర్లో ఆదివారం పూట ఇండ్ల ప్రకటనలు వస్తాయి గదా మేడమ్. రోగమున్న మనిషి ఇంట్లో ఉన్నా గది ఇస్తామనేవాళ్లు ఎవరన్నా తగిల్తే కొంచెం చెప్తారా?"

ఎవరికి రోగమని అడిగాను. తన భార్యకు. పొత్తికడుపులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకింది. కోతలు, మందులు, కరెంటు పెట్టడాలు అన్నీ అయిపోయాయి. వారం కిందట ఆస్పత్రిలో పెద్ద డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, ఇక మేం చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్లండి, ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉండనివ్వండి, ఆమెకు మాత్రం చెప్పొద్దు అన్నాడట. ఓబులేశు వరండాలోంచి నేరుగా మంచం దగ్గరికి పోయి ఆమెకు మొత్తం చెప్పేశాడు.

చెప్పొద్దన్నారు కదా అన్నాను.

"ఆమె రోగం ఆమెకు చెప్పకుండా ఇంగెవరికి చెప్పేది మేడమ్?" అన్నాడు.

ఇంటికి తీసుకెళ్లండి. డాక్టరుకు అది రోజూ అనే మాట. అలా అన్నాక ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోతాడు. అద్దె గదిలో బతికేవాడికి ఆ మాటతోనే అసలు బాధ మొదలవుతుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. అప్పటికి నాకూ తెలియదు.

మూడు గడపలు

మర్నాడు వాళ్ల గదికి వెళ్లాను. కొత్త రోడ్డు వెనక, మాదాపూర్ పాత ఊరివైపు, అంజయ్య అనే ఆయన కట్టించిన గదుల వరస అది. రేకుల కప్పు, ముందు పొడుగాటి వాకిలి, ఒక చివర నల్లా. చివరి గదిలో వీళ్లు. మిగతా గదుల్లో కంప్యూటరు కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లు, కొత్త ఉద్యోగస్తులు.

సుభద్ర మంచం మీద దిండుకు ఆనుకుని కూచుని ఉంది. ముప్పై దాటిన మనిషి. ముఖంలో కళ్లే మిగిలాయి. ఓబులేశు ఆమె వెనక కూచుని జడ వేస్తున్నాడు. రాలగా మిగిలిన జుట్టు అది, వేలెడంత లావు లేదు.

"చూడండి మేడమ్, జడ వేసేది రాదు ఈయప్పకు. లిఫ్టు తాడు పేనినట్టు పేంతాండాడు" అంది.

"తెగదు గదా" అన్నాడు ఓబులేశు.

ఆమె నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా అతను వీపు నిమిరాడు. ఆమె చీరలు నల్లా దగ్గర అతనే ఉతుకుతాడనీ, పక్కగదుల కుర్రాళ్లు మొదట్లో నవ్వుకునేవారనీ, ఇప్పుడు వాళ్లే బకెట్లు నింపి పెడుతున్నారనీ ఆమె చెప్పింది.

ఊరికి ఎందుకు వెళ్లలేదని అడిగాను. అడిగాక అర్థమైంది, అదే వాళ్ల కథంతా అని.

ఓబులేశు అన్న వచ్చి చూసి పోయాడట. ఈ పనులు మగవాడు చేసేవి కావు, పుట్టింట్లో దింపి రా, వయసు మించిపోలేదు, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం అన్నాడట. ఆ తర్వాతి సంగతి ఏమిటో మంచం మీదున్న మనిషికి వినబడేలాగే అన్నాడు. పిల్లలు లేరు కాబట్టి అలా అనడానికి తనకు హక్కుందని అతని ధీమా. అన్న భోజనం చేయకుండానే వెళ్లిపోయాడని ఓబులేశు చెప్పాడు. "నేనే పెట్టలేదులే" అని కూడా చెప్పాడు.

సుభద్ర తమ్ముళ్లు ఇంకో రకం. కాయలు, పళ్లు తెచ్చారు, ఏడ్చారు. తీసుకుపోతామని మాత్రం అనలేదు. పెళ్లి చేసి ఇచ్చేసిన ఆడపిల్ల పుట్టింట్లో కన్నుమూస్తే ఇంటికి అరిష్టమట. ఊళ్లో పెద్దవాళ్లు ఒప్పుకోరట.

"పంపేటప్పుడు ఇంగ ఇది నీ ఇల్లు కాదు అన్నారు. ఆడికి పోతే ఇది మా ఇల్లు అన్నారు. ఈ రేకుల గదిలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు మేడమ్. ఇదే నాదనుకున్నా" అంది సుభద్ర.

ఆమె అలా అనుకున్నది తప్పని చెప్పడానికి అంజయ్య వచ్చాడు. డాక్టరు చెప్పింది బయటపడగానే, అమావాస్యలోపు గది ఖాళీ చేయమన్నాడు.

మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. కొన్ని నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటిని నెలల తరబడి తాళం వేసి వదిలేయాలంటారు. సొంత ఇంట్లో పోయినవాళ్ల విషయంలో శాంతులూ, సర్దుబాట్లూ ఉంటాయి. అద్దెకున్నవాళ్ల విషయంలో ఒకటే సర్దుబాటు, పోకముందే పంపేయడం. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఎవరూ పైకి చెప్పని షరతు ఇది. మీరు మా ఇంట్లో వండుకోవచ్చు, పడుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. చావడానికి మాత్రం మా ఇల్లు కాదు.

అంజయ్యతో మాట్లాడాను. తిట్టిపోయాలనే వెళ్లాను.

"మేడం, నేను రాక్షసున్ని గాదు. మా ఇంటామె ఆమెకు రోజూ జావ కాసిస్తది. గని ఏ నక్షత్రంల పోతదో ఎవరు చెప్పాలె? ఒక్క గది గాదు, కప్పంత ఒక్కటే గద, వరసంత ఖాళీ జెయ్యాలంటుండు పంచాంగం జూసే అయ్యగారు. భూమి రోడ్లకు పోయింది. గీ గదులే మాకు దిక్కు. జర మీరే సోంచాయించున్రి" అన్నాడు.

నిజమే, అతను రాక్షసుడు కాదు. రాక్షసుడైతే రాయడం సులువు. పొద్దున ఓబులేశు డ్యూటీకి పోగానే అంజయ్య ఆ గది ఫ్యూజు పీకేసేవాడు, వాళ్లే విసిగిపోయి వెళ్తారని. సాయంత్రం ఓబులేశు వచ్చి రెండు నిమిషాల్లో వైరు వేసి బల్బు వెలిగించేవాడు. ఇలా కొన్నాళ్లు నడిచింది. "ముసలోడా, కరెంటు పని చేసేటోని తోని కరెంటు ఆట ఆడుతున్నవ్, నీకు బుద్ధి ఉన్నదా" అని అంజయ్య భార్య బాలమణి వాకిట్లోనే మొగుణ్ని కడిగేసింది. ఆ తర్వాత ఫ్యూజు జోలికి పోలేదు. గడువు మాత్రం అలాగే ఉంది.

ఆ గడువులోపు ఓబులేశు తిరగని చోటు లేదు. మూసాపేట, బాలానగర్, కొండాపూర్. టు-లెట్ బోర్డు కనిపిస్తే సైకిలు దిగడం, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే ఉన్నది చెప్పడం, తలుపు మూసుకోవడం. చివరికి తోటి మెకానిక్ ఒకడు తెల్లాపూర్‌లో గది చూశాడు. అప్పటికి తెల్లాపూర్ పొలాల మధ్య ఊరు. ఆమెకు ఒంట్లో బాగాలేదు అని చెప్పారు, ఏ రోగమో చెప్పలేదు. ఇంటాయన సరేనన్నాడు. ఒక్క అబద్ధం ఆడితే గానీ గది దొరకలేదని ఓబులేశు నాతో చిన్నబోతూ చెప్పాడు. వచ్చే సోమవారం మారదామనుకున్నారు.

శేషగిరిరావు గారి ఆదివారం

మా సిటీ ఎడిటర్ శేషగిరిరావు గారు. గోదావరి జిల్లాల మనిషి, మర్యాద తెలిసినవాడు, హెడ్డింగులు పెట్టడంలో నగరంలోనే మేటి. కింద పనిచేసేవాళ్ల మీద ఎప్పుడూ అరవలేదు. అరిచే బాసుల గురించి కొత్తవాళ్లు భయపడతారు. నా సలహా, మెత్తగా మాట్లాడే బాసుల గురించి భయపడండి.

నేను రాసింది వార్త. అద్దె ఇళ్లలో చావుబతుకుల్లో ఉన్నవాళ్లను వెళ్లగొట్టే అలవాటు గురించి. ఇలా జరిగిన మరో రెండు కుటుంబాలతో మాట్లాడాను, ఒక వకీలు దగ్గర చట్టం ఏం చెబుతుందో కనుక్కున్నాను. ఓబులేశు దంపతుల పేర్లు మార్చాను. మా ఫొటోగ్రాఫర్ ఇంకో రోజు నాతో వచ్చి తీసిన జడ ఫొటోను, ముఖాలు కనబడకుండా కోసి వాడాలని రాసి జతచేశాను.

శేషగిరిరావు గారు రెండుసార్లు చదివారు.

"చూడమ్మా, మన చందాదారుల్లో సగానికి సగం ఇల్లుగలవాళ్లు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషికి, నువ్వు పాపాత్ముడివి అని చెబితే ఎవరు చదువుతారండీ? ఆ కుర్రాడు చూడండి, ఎంత బాగున్నాడో. ఆయన్ని రాయండి" అన్నారు.

ఆయన్ని రాస్తే ఇంటి సంగతి కూడా రాయాలన్నాను. దానికి సందర్భం చూద్దాం అన్నారు. గది మారే ఏర్పాటు జరుగుతోంది, అప్పటిదాకా ఏదీ వేయొద్దని కూడా చెప్పాను. అలాగేనమ్మా అన్నారు. ఎంతో మెత్తగా అన్నారు.

ఆదివారం పొద్దున నా చేతిలో పేపరు పడింది. కుటుంబం పేజీలో సగం నిండా ఫొటో. ఇద్దరి ముఖాలూ, ఆమె నవ్వూ, అతని చేతుల్లో ఆ సన్నటి జడ. "ఆమె జడలో అతని ప్రేమ" అని హెడ్డింగు. నా కాపీలోంచి జడ, జావ, ఉతికిన చీరలు, డాక్టరు మాట అన్నీ తీసుకున్నారు. మార్చిన పేర్లు పోయి, ఫొటో వెనక రాసున్న అసలు పేర్లు వచ్చాయి. ఉండే చోటు ఉంది. రోగం పేరు ఉంది. అంజయ్య లేడు, అమావాస్య లేదు, తలుపు మూసుకున్న ఇళ్లు ఒక్కటీ లేవు. ఇలాంటి భర్తలు ఇంటింటా ఉండాలని చివర ఒక వాక్యం, అది నేను రాయలేదు.

తెల్లాపూర్ ఇంటాయన కూడా ఆ పేపరే చదువుతాడు. సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నమే మనిషిని పంపించి గది లేదని చెప్పించాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి మూటలు కట్టి ఉన్నాయి. ఓబులేశు వాటిని విప్పుతున్నాడు. నేను ఏదో చెప్పబోయాను. జరిగింది చెప్పాను. అతను విన్నాడు.

"మంచిగానే ఏసినారు మేడమ్. నన్ను దేవుణ్ని చేసినారు. దేవునికి గుడన్నా ఉంటాది" అన్నాడు.

ఆ మాట నేను శేషగిరిరావు గారికి మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేతిలోని కలం కింద పెట్టారు. తర్వాత, "మాట బాగుంది, ఎక్కడైనా వాడుకోవచ్చు" అన్నారు.

ఆదర్శ భర్త

ఆ ఆదివారం తర్వాత మా ఆఫీసుకు ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. కళ్లు చెమర్చాయని రాసినవాళ్లు, తమ భర్తకు చదివి వినిపించామని రాసినవాళ్లు, అతని మీద పద్యం కట్టి పంపినవాళ్లు. నాలుగు రోజులు వాటిని వరసగా అచ్చు వేశాం. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమనండి అని ఒక్కరూ రాయలేదు. అలా రాయాలన్న ఊహ రావడానికి, అతనికి గది లేదన్న సంగతి పాఠకుడికి తెలియాలి కదా. మేం చెప్పలేదు.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి జరిగింది. ఒక కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఓబులేశుకు సన్మానం చేస్తామని మా ఆఫీసు ద్వారా కబురు పెట్టారు. ఆదర్శ భర్త అని శాలువా కప్పుతారట. ఆ సంఘంలో సభ్యులు కావాలంటే ఆ కాలనీలో సొంత ఇల్లు ఉండాలి. సంఘం పెద్దలు ముగ్గురు గదికే వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. సుభద్రను చూసి చేతులు జోడించారు. ఎప్పుడు వీలవుతుందని ఓబులేశును అడిగారు.

"ఈమెను ఇడిసిపెట్టి రాలేను సార్. శాలువా వద్దు. మీ కాలనీలో ఒక గది ఉంటే ఇప్పించండి, కిరాయి కట్టుకుంటా" అన్నాడు ఓబులేశు.

వాళ్లు కనుక్కుని చెబుతామన్నారు. వెళ్లేటప్పుడు శాలువాను సుభద్ర మంచం మీద పెట్టి వెళ్లారు. ఆమె దాన్ని చేత్తో తడిమి చూసి, "ఎచ్చగుండాదిలే" అంది. వాళ్లు మళ్లీ రాలేదు.

రాజీ

అమావాస్య దగ్గరపడింది. ఓబులేశు కదలనని చెప్పేశాడు. అంజయ్య బస్తీ పెద్దల్ని పిలిచాడు. వాకిట్లో కుర్చీలు వేశారు. అందరూ అటూ ఇటూ మాట్లాడి చివరికి ఒక రాజీ కుదిర్చారు. ఆమె గదిలోనే ఉండొచ్చు. ఆఖరి ఊపిరి మాత్రం లోపల పోకూడదు. పరిస్థితి విషమించిందని తెలియగానే మంచంతో సహా ఆమెను వాకిట్లోకి తేవాలి. దానికి ఓబులేశు మాటివ్వాలి. అందరూ ఇది ధర్మంగా ఉందన్నారు. ఒక పెద్దాయన నాతో, చూశారా మేడం, మా దగ్గర మానవత్వం ఇంకా ఉంది అన్నాడు.

ఇలా బయటపెట్టడం కూడా మన పాత అలవాటే. చాలామంది చూసే ఉంటారు. కానీ ఒక్కసారి ఆ మాటను విప్పి చూడండి. భర్త పక్కన కూచుని ఆమె ఊపిరి లెక్కబెడుతూ ఉండాలి. ఇక పోతుంది అనిపించిన క్షణాన ఆమె చెయ్యి పట్టుకోవడం కాదు, మంచం కోడు పట్టుకోవాలి. ఒకరి మంచితనం నిరూపించుకోవడానికి ఇంకొకరి చావును ఇలా వాడుకోవడం కన్నా, నేరుగా గెంటేయడమే నయం.

ఓబులేశు తలూపాడు. వేరే దారి లేదు.

వానాకాలం కాబట్టి అంజయ్య ముందుచూపుతో వాకిట్లో నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కట్టించాడు. అది సరిగ్గా సుభద్ర కిటికీకి ఎదురుగా వచ్చింది. నేను వెళ్లేసరికి ఆమె దాన్నే చూస్తోంది.

"మా పెళ్లికి గూడా పందిరి ఇంత బిరీన వెయ్యలేదు మేడమ్" అంది.

తర్వాత ఓబులేశు నీళ్లకు వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నొప్పి తగ్గే మందు ఆ రోజుల్లో అందరికీ దొరికేది కాదు. నొప్పితో మాట ఆగి ఆగి వచ్చింది.

"సచ్చేదానికి భయం లేదు. నలుగురూ నిలబడి, పోయిందా, ఇంగా పోలేదా అని చూస్తాంటే నేను పోలేను. ఆయప్పకు చెప్పినా. తలకాయ ఊపినాడు. వాళ్లకూ ఊపినాడు, నాకూ ఊపినాడు. ఎవరికి ఊపిందో నాకు తెల్దు" అంది.

తలుపు

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. బాలమణి ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతోంది. "తొందరగ రా బిడ్డా, ఆయిన తలుపు ఏసుకున్నడు" అంది.

నా మోపెడ్ మీద వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. వాకిట్లో టార్పాలిన్ కింద నీళ్లు చల్లి, చాప పరిచి ఉంది. అంజయ్య, బస్తీ పెద్దలిద్దరు, పక్కగదుల కుర్రాళ్లు చివరి గది ముందు నిలబడ్డారు. లోపల గడియ పెట్టి ఉంది. కిటికీ రెక్కలు కూడా మూసి ఉన్నాయి.

"ఓబులేశూ, పెద్దల ముంగట మాటిచ్చినవ్. తలుపు తియ్యి" అని అంజయ్య తలుపు బాదుతున్నాడు.

లోపలి నుంచి ఓబులేశు గొంతు వినబడుతోంది. అంజయ్యకు జవాబు చెప్పడం లేదు. ఆమెతో మాట్లాడుతున్నాడు. మామూలు గొంతుతో, రోజూ డ్యూటీ నుంచి వచ్చాక చెప్పుకునే కబుర్లలాగా. భవనంలో ఎవరో లావుపాటి ఆఫీసరు లిఫ్టు ఎక్కుతూ దిగుతూ ఎలా భయపడతాడో చెబుతున్నాడు. మధ్యలో ఆగుతున్నాడు. ఆమె ఏదైనా అంటోందేమో, మాకు వినబడలేదు. మళ్లీ మొదలుపెడుతున్నాడు.

అంజయ్య మళ్లీ చెయ్యెత్తాడు. బాలమణి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇగ ఆపు. ఎంత కొడితె అంత పాపం" అంది.

అంజయ్య అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత ఎవరూ తలుపు కొట్టలేదు. వాన చప్పుడు, లోపల అతని గొంతు. కాసేపటికి ఆ గొంతు ఆగింది. మళ్లీ మొదలవుతుందేమోనని మేమంతా ఎదురుచూశాం. మొదలవలేదు.

ఓబులేశు తలుపు తీసినప్పుడు అతని ముఖంలో భయం గానీ, తప్పు చేశానన్న భావం గానీ లేవు. గడపకు అవతలే నిలబడ్డాడు. అతని వెనక మంచం మీద ఆమె, మెడ దాకా శాలువా కప్పి ఉంది.

అంజయ్య లేచాడు. అతనికి ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. పెద్దలిద్దరితో ఏదో గుసగుసగా మాట్లాడి, ఓబులేశు దగ్గరికి వచ్చాడు.

"అయిందేదో అయింది తమ్మీ. ఇప్పుడు మంచం బయటికి తెద్దాం. బయటనే పానం పోయిందని చెప్పు. అందరం గట్లనే అంటం. అయ్యగారికి గూడ గదే చెప్తం. నీకేం పోదు గద, ఒక్క మాట."

అందరూ ఓబులేశు వైపు చూశారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క మాటతో అందరికీ గొడవ వదిలిపోయేది. అంజయ్య గదులు మిగిలేవి, శవం లేచేదాకా ఎవరూ పేచీ పెట్టేవారు కాదు. గది కోసం ఒకసారి అబద్ధమాడిన మనిషే కదా. ఇంకోసారి ఆడితే ఎవరూ తప్పు పట్టరు.

"బయట పోయిందన్న ఆ ఒక్క మాట రాకూడదనే తలుపేసినా అంజయ్యన్నా. ఆమె లోపలే పోయింది. ఈడ, మా ఇంట్లో. ఎవరడిగినా అదే చెప్తా" అన్నాడు ఓబులేశు.

తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు గూడా అదే రాయాల మేడమ్."

రాయాల్సింది

ఆ రోజే రాశాను. ఒక కాలమ్ వార్త, విశేషణం ఒక్కటి లేకుండా. శేషగిరిరావు గారు చదివి, కళ్లద్దాలు తీసి, "మొన్ననే మనం అంత బాగా వేశాం. పాఠకులు అతన్ని గుండెల్లో పెట్టుకున్నారు. ఇప్పుడీ తలుపులు బాదడాలు, ఇదంతా ఎందుకండీ?" అన్నారు. కాపీని సొరుగులో పెట్టారు. మర్నాటి పేపర్లో ఆ చోట ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ శంకుస్థాపన ఫొటో ఉంది. నేను ఆయన గదిలో నిలబడి నా ఉద్యోగంలో మొదటిసారి గట్టిగా అరిచాను. ఆయన మంచినీళ్లు తెప్పించారు.

ఓబులేశు దినాలు అయ్యాక గది ఖాళీ చేసి బెంగళూరు బదిలీ మీద వెళ్లాడు. ఆ గదికి అంజయ్య తాళం వేశాడు. నెలల తరబడి వేసి ఉంచాలన్న ఆ తాళం, నెల తిరక్కుండానే తీశాడు. నేను ఆ దారిలో వెళ్తుంటే కొత్తగా సున్నం వేసి ఉంది, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న కుర్రాడు తలుపు దగ్గర బూట్లు విప్పుతున్నాడు. వరసలో మిగతా గదులు ఒక్కటీ ఖాళీ కాలేదు. గదుల కోసం జనం ఎగబడుతుంటే నక్షత్రాలు కూడా సర్దుకున్నాయి. చావుబతుకుల్లో ఉన్న ఒక ఆడమనిషి విషయంలోనే అవి అంత పట్టుబట్టాయి.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా దగ్గర సూత్రాలు లేవు. ఒక్కటే చెబుతాను. ఎవరి ప్రేమనో, త్యాగాన్నో గొప్పగా రాసుకురమ్మని ఎవరైనా మిమ్మల్ని పంపిస్తే, అంత త్యాగం చేయాల్సిన గతి ఆ మనిషికి ఎవరు పట్టించారో కూడా అడిగి రండి. వాళ్లు దాన్ని కొట్టేస్తారు. కొట్టేసిన కాపీ దాచుకోండి.

నా కాపీ నా దగ్గర లేదు, ఆ సొరుగులోనే పోయింది. అయినా ఆ వార్తకు కాపీ చూసుకోవాల్సిన అవసరం లేదు. ఓబులేశు రాయమన్నది ఇదీ:

మాదాపూర్‌లో అద్దెకుంటున్న సుభద్ర, క్యాన్సరుతో బాధపడుతూ, తన ఇంట్లో, తన మంచం మీద, భర్త మాట్లాడుతుండగా చనిపోయింది. ఆమెను ఎవరూ బయట పెట్టలేదు.